ఆకుపచ్చ బోర్డు – పదకొండో భాగం: ఎవరూ విప్పని టేపు

కిందటి వారం మనం మునిసిపల్ ఇంజనీరమ్మని నాలుగంతస్తుల ఇంటి డాబా మీద వదిలేసి వచ్చాం. పాపం, ఆ చలిలో ఒక్కతే మోకాళ్ళ మీద కూర్చుని, పొగ గొట్టం మూతి చుట్టూ వేళ్ళతో తడుముతోంది. ఐదు రోజుల కిందట ఆ ఇంటి పైవాటాలో టైలరమ్మా, ఆవిడ చెల్లెలూ పొద్దున్నే స్నానానికి గ్యాస్ గీజరు వెలిగించుకుని, దాని పొగకే ప్రాణాలు వదిలారు. ఆ పొగకి రంగుండదు, వాసనుండదు. మనిషికి నిద్ర ముంచుకొచ్చినట్టుంటుందంతే. స్నానాలగదుల పొగ పైకి పోవాల్సిన గొట్టానికి ఎవరో ప్లాస్టిక్ షీటు కప్పి, చుట్టూ టేపు బిగించేశారు. డాబా తాళం వాచ్‌మన్ దగ్గరే ఉంటుంది కాబట్టి వాన పడకుండా వాచ్‌మనే కప్పాడని పోలీసులు తేల్చేశారు. ఎవరో సాక్షి కూడా దొరికాడట. వాచ్‌మన్ ఇప్పుడు లాకప్పులో ఉన్నాడు. పదకొండింటికి కోర్టులో నిలబెడతారు.

పోలీసులు షీటు పట్టుకెళ్ళారు గానీ, గొట్టం అంచు వెనక బెత్తెడు టేపు ముక్క వాళ్ళ కంట పడలేదు. ఇంజనీరమ్మ దాన్ని పీకి సెల్‌ఫోన్ వెలుగులో చూసింది. టేపు మీద పెన్సిల్‌తో తేదీ, తేదీ పక్కన ఒక సున్నా, సున్నాలో అడ్డగీత ఉన్నాయి. ఊళ్ళో అలా గుర్తు పెట్టే మనిషి ఒక్కడే. ఆమెకి అక్షరాలు దిద్దించిన చెయ్యి అది.

తెల్లారీ తెల్లారగానే ఆమె వెళ్ళి బాబాయ్ ఇంటి తలుపు తట్టింది.

తలుపు తీసింది పిన్ని. ఇంత పొద్దున్నే వచ్చావేమని అడగలేదు. ముఖం చూసి పక్కకి తప్పుకుంది.

"వచ్చావా తల్లీ. నువ్వైనా అడుగు మీ బాబాయ్‌ని. నాలుగు రోజులుగా తిండి లేదు, మాట లేదు. పొద్దున లేస్తే నిచ్చెన భుజాన వేసుకుని పోతాడు, ఎప్పటికో వస్తాడు. ఎక్కడికయ్యా అంటే కయ్యిమంటాడు."

ముందుగదిలో సగం స్థలం ఒక పెద్ద ఫ్యానే తినేసింది. ఎర్ర గుడ్డ చట్రంలో బిగించిన ఫ్యాను అది. ఇంటి గుమ్మానికి దాన్ని తగిలించి తిప్పితే లోపలి గాలిని బయటికి లాగేస్తుంది. అప్పుడు ఏ గోడ పగులు నుంచి, ఏ కిటికీ సందు నుంచి ఎంత గాలి దూరుతోందో మీటరు చెబుతుంది. కిందటేడు మునిసిపాలిటీ ఇళ్ళకి కొత్త రూళ్ళు తెచ్చినప్పుడు ఈ పరీక్ష తప్పనిసరి అయింది. వేసవిలో చల్లదనం, చలికాలంలో వెచ్చదనం బయటికి పోకూడదు. కిటికీలకి రబ్బరు పట్టీలు వెయ్యాలి, పగుళ్ళు పూడ్చాలి, పరీక్షలో నెగ్గాలి. నెగ్గిన ఇంటి గేటుకి ఆకుపచ్చ బోర్డు పెడతారు. ముప్పై ఏళ్ళు గోడలు కట్టిన బాబాయ్, మోకాళ్ళు మొరాయించాక ఈ ఫ్యాను కొనుక్కుని లైసెన్సు తీసుకున్నాడు. ఊళ్ళో ఆ లైసెన్సు ఆయనొక్కడికే ఉంది. పొడుగు మేస్త్రి అని ఊరంతా పిలిచే మనిషి ఇప్పుడు స్టూలు మీద ముడుచుకుని, ఫ్యాను రెక్కలు తుడుస్తున్నాడు. అవి తళతళలాడుతున్నాయి, అయినా తుడుస్తూనే ఉన్నాడు.

ఆమె టేపు ముక్క ఆయన అరచేతిలో పెట్టింది.

"ఇది నీదే కదా బాబాయ్?"

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. జేబులో కళ్ళజోడు వెతుక్కున్నాడు. చూడ్డానికి కళ్ళజోడు అక్కర్లేదు, ఆలోచించుకోడానికి కాస్త వ్యవధి కావాలి, అంతే.

"నాదే. పరీక్షకి కట్టాను. కట్టకపోతే ఆ గొట్టంలోంచి వచ్చే గాలంతా పగుళ్ళ లెక్కలో పడిపోతుందిగా. నీకు తెలియంది ఏముంది."

"కట్టడం సంగతి నేనడగలేదు. విప్పావా, లేదా?"

"విప్పకుండా ఎందుకుంటాను?"

"దాన్ని తిప్పి చూడు."

ఆయన తిప్పలేదు. ఆమే లాక్కుని తిప్పింది. జిగురు వైపు సున్నం పొర చెక్కుచెదరకుండా, గోడ మీంచి వలిచినట్టు అతుక్కుని ఉంది.

"ఒకసారి పీకిన టేపు సున్నం గోడకి మళ్ళీ అంటదని నాకు చెప్పిందెవరు? సున్నం రాలిపోతుంది, జిగురు చచ్చిపోతుంది, కొత్త టేపు వాడమ్మాయ్ అని నా నెత్తి మీద మొట్టింది ఎవరు? ఇది ఒక్కసారే అతికింది బాబాయ్. నిన్న సాయంత్రం నేను పీకేదాకా కదల్లేదు. వాచ్‌మన్ దీన్ని ముట్టుకోనే లేదు."

బాబాయ్ మళ్ళీ స్టూలు మీద కూలబడ్డాడు. పిన్ని వంటగది గుమ్మంలో నిలబడి, వింటున్నట్టు కనిపించకూడదని గిన్నె తుడుస్తోంది.

"విప్పలేదు," అన్నాడాయన.

"ఎందుకని?"

"నువ్వొస్తావని."

ఆమెకి ముందు అర్థం కాలేదు. ఆయన గోడకి తగిలించిన సంచీలోంచి ఒక చిన్న పుస్తకం తీశాడు. మునిసిపాలిటీ అచ్చువేయించిన రూళ్ళ పుస్తకం అది. ఎన్నిసార్లు తిప్పాడో, అంచులు నల్లబడ్డాయి. పన్నెండో రూలు దగ్గర పెన్సిల్ గీత ఉంది.

"చదువు. నువ్వు రాసిందే. పరీక్ష కోసం మూసిన గాలిదారులను మునిసిపల్ ఇంజనీరు స్వయంగా వచ్చి, చూసి, తన ఎదుట విప్పించవలెను. అంతవరకు పరీక్ష చేసినవారు వాటిని ముట్టరాదు. ముట్టరాదు అని రాశావు. నీకు ఫోటోలు పంపాను, ఇంజనీరు వస్తుంది కనక ముట్టలేదు."

ఆ రూలు రాసిన రోజు ఆమెకి బాగా గుర్తుంది. గాలిదారులతో పాటు గోడ పగుళ్ళకి కూడా గుట్టుగా టేపు వేసి, ఇల్లు నెగ్గిందనిపించి, ఇంజనీరు వచ్చేలోపు అంతా పీకేసే ఘనులు పక్క ఊళ్ళలో ఉన్నారని విని రాసింది. మా ఊళ్ళో ఆ పప్పులుడకవు అనుకుంది. ఆ ఒక్క రూలు చూసుకుని ఆమె ఎంత మురిసిపోయిందో!

"ఆ ఫోటోలు చూసే సంతకం పెట్టేశాను," అంది. "ఆ వారమంతా చైర్మన్ గారు నా కుర్చీ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నెలాఖరుకి ముప్పై బోర్డులు పడితే మన ఊరికి అవార్డు అన్నారు. నువ్వు కట్టిన టేపు ఫోటోలో చక్కగా ఉంది. బాబాయ్ కట్టాడు, బాబాయే విప్పుకుంటాడు అనుకున్నాను."

"నేను గేటుకి బోర్డు చూశాను. బోర్డు పడిందంటే మా అమ్మాయి వచ్చింది, చూసింది, విప్పించింది అనుకున్నాను. మళ్ళీ డాబా ఎక్కి చూస్తే నీ మీద నమ్మకం లేనట్టుంటుందని ఎక్కలేదు."

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేకపోయారు. ఒకరి మీద ఒకరికి అంత నమ్మకం. ఆ నమ్మకమే మూడు నెలలు ఆ గొట్టం మూతికి బిగుసుకుని ఉంది. చలి ముదిరేదాకా పైవాటా వాళ్ళు కిటికీలు తీసుకుని బతికిపోయారు. చలి ముదిరాక, కొత్త రబ్బరు పట్టీల కిటికీలు బాగా బిగించుకున్నారు. బోర్డు ఇచ్చేటప్పుడు ఆ ఇంట్లో ఒక సందైనా లేదని ఈమే మెచ్చుకుంటూ రాసింది. అది తలుచుకుంటే ఆమెకి తన చెయ్యి తనకే అసహ్యం వేసింది.

చదువుకున్న మనిషి కదా, బుర్ర పని చెయ్యడం మానదు.

"బాబాయ్, పోలీసుల కాగితంలో సాక్షి ఒకడున్నాడు. పరీక్షవగానే షీటు విప్పేసి, మడిచి వాచ్‌మన్ చేతికిచ్చారని చెప్పాడట. ఎవడా సాక్షి? ఎవడు చూశాడట?"

వంటగదిలో గిన్నె చప్పుడు ఆగిపోయింది.

"ఎవడూ చూడలేదు," అన్నాడు బాబాయ్. "ఆ సాక్షిని నేనే."

ఆమె ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

"శవాల్ని తీసుకెళ్ళిన సాయంత్రమే నన్ను స్టేషన్‌కి పిలిచారు. నువ్వు విప్పావా అనడిగాడు ఇన్‌స్పెక్టరు. లేదంటే, ఎందుకు లేదంటాడు. ఇంజనీరు రాలేదండీ అనాలి. ఏ ఇంజనీరు అంటాడు. అమ్మాయ్, నీ పేరు నా నోట్లోంచి రాలేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు. విప్పాను, షీటు వాచ్‌మన్ చేతికిచ్చాను అన్నాను. అంతే. ఒక్క మాటే. మిగతాదంతా వాళ్ళే రాసుకున్నారు. నేను కింద సంతకం పెట్టాను."

"ఒక్క మాటేనా!" ఆమె లేచి నిలబడింది. "ఒక మనిషిని జైల్లోకి తోసెయ్యడానికి ఎన్ని మాటలు కావాలి బాబాయ్? ఆ వాచ్‌మన్ భార్య నిన్న నా ఆఫీసుకొచ్చింది. చంకలో పిల్లాడు, పక్కన ఏడెనిమిదేళ్ళ పిల్ల. ఏడవలేదు, తిట్టలేదు. మా ఇంట్లో టేపే లేదమ్మా, పిల్ల పుస్తకాలు చిరిగితే పిండి జిగురుతో అతుకుతాం అని చెప్పింది. అది చెప్పడానికే ఆఫీసు గుమ్మంలో రెండు గంటలు నిలబడింది. నేనేం చెప్పానో తెలుసా? విచారణలో అన్నీ తేలతాయమ్మా అన్నాను. పెద్ద ధర్మరాజులా!"

"నాకు వాళ్ళెవరు? నువ్వెవరు?" బాబాయ్ గొంతు కూడా లేచింది. "నిన్ను తొమ్మిదో ఏట ఈ భుజం మీద ఎత్తుకుని తెచ్చుకున్నాను. పిల్లలు లేరన్న ఊసు మీ పిన్ని మళ్ళీ ఎత్తలేదు. నీ సంతకానికి ఒక విలువ వచ్చిందని ఊరంతా చెప్పుకు తిరిగినవాణ్ణి. ఇద్దరు ఆడవాళ్ళు పోయారు. ఎవరు లోపలికెళ్ళినా వాళ్ళు లేచి రారు. ఆ వాచ్‌మన్ నాలుగేళ్ళు లోపలుంటాడు, వస్తాడు. వాడి సంసారాన్ని నేను చూస్తాను. నువ్వు వెళ్తే మళ్ళీ ఈ ఊళ్ళో తలెత్తుకోగలవా?"

"మా నాన్న సంగతి గుర్తుందా?"

ఆయన ఫ్యాను తుడిచే గుడ్డ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"నీలాగే గోడలు కడుతూ, పరంజా కూలి పడ్డాడు నాన్న. తాడు పుచ్చిపోయిందని అందరికీ తెలుసు. కాగితంలో మాత్రం ఏమని రాశారు? మేస్త్రి ముడి సరిగ్గా వేసుకోలేదు, అది అతని అజాగ్రత్తే అని. చచ్చిపోయినవాడి మీద రాశారు. అది రాసినవాడి పేరు ఎత్తితే నువ్వు అన్నం ముందు నుంచి లేచిపోయేవాడివి. వాడి మొహం చూడకూడదని రెండు వీధులు చుట్టు తిరిగి పనికెళ్ళేవాడివి. ఇప్పుడు ఆ వాచ్‌మన్ కూతురు ఎన్ని వీధులు చుట్టు తిరగాలి బాబాయ్? నీ ఇల్లు తగలకుండా?"

పిన్ని గుమ్మంలోనే కూర్చుండిపోయింది. బాబాయ్ చేతిలోని గుడ్డ జారి కింద పడింది. పొడుగు మనిషి ఏడిస్తే చూడ్డం కష్టం. ఎక్కడ దాచుకోవాలో తెలియక మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. ఆమె వెళ్ళి వీపు నిమరలేదు. నిమరాలనిపించింది గానీ, తానూ అదే తప్పులో సగం కదా, ఓదార్చే అర్హత తనకెక్కడిదనిపించింది.

"పద," అన్నాడు చివరికి, మొహం తుడుచుకుంటూ. "చొక్కా మార్చుకొస్తాను. స్టేషన్‌కి వెళ్ళి అబద్ధం చెప్పానని చెప్పేస్తాను. విప్పడం మర్చిపోయానంటాను. నువ్వు రాలేదన్నది మాత్రం..."

"అదీ చెప్పాలి. అది నేను చెబుతాను. సగం నిజం చెబితే మళ్ళీ ఇంకొకడు దొరుకుతాడు వాళ్ళకి."

ఆయన కాదనలేదు. చొక్కా తగిలించిన కొక్కెం దగ్గరికి వెళ్ళాడు. ఆమె హ్యాండ్‌బ్యాగులో టేపు ముక్క జాగ్రత్తగా పెట్టుకుంది. ఐదు రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి కాస్త నిండుగా పీల్చింది. పదకొండింటికి ఇంకా చాలా వ్యవధి ఉంది. వాచ్‌మన్‌ని కోర్టు మెట్ల దాకా కూడా తీసుకెళ్ళనక్కర్లేదు.

అప్పుడు తట్టింది ఆమెకి.

"బాబాయ్, నేను కుర్చీలో కూర్చుని సంతకం పెట్టింది ఆ ఒక్క ఇంటికే కాదు."

"తెలుసు," అన్నాడాయన చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ. "అది కాక పద్నాలుగిళ్ళు. ఆ రెండు వారాల్లో నేను కట్టినవన్నీ. మరి ఈ నాలుగు రోజులూ నిచ్చెన ఎందుకు మోశాననుకున్నావు? ఒక్కో డాబా ఎక్కాను. ఒక్కోదాని మీదా నా టేపు నా వైపు చూస్తూనే ఉంది. కొన్నిట్లో కరెంటు హీటర్లు కాబట్టి సరిపోయింది, కొన్నిట్లో వాళ్ళ అదృష్టం. విప్పేశాను. పదమూడూ విప్పేశాను."

"పద్నాలుగోది?"

"అది మీదేగా. మీ మునిసిపాలిటీ వాళ్ళు కొత్తగా కట్టిన క్వార్టర్సు. రెండుసార్లు వెళ్ళాను, గేటుకి తాళం. గోడెక్కి దూకే వయసా నాది? ఖాళీ కొంపలో గీజరు ఎవడు వెలిగిస్తాడులే అని వదిలేశాను. ఇవాళ నువ్వు తాళం ఇప్పించు, అదీ విప్పేస్తాను."

ఆమె బ్యాగులోంచి ఫోన్ లాగింది.

"తాళం నిన్న మధ్యాహ్నమే తీశారు బాబాయ్. ఆ నాలుగంతస్తుల ఇంట్లో వాటాలన్నిటికీ పోలీసులు సీలు వేశారు కదా, అందులోవాళ్ళకి నిలవనీడ లేదు. మిగతావాళ్ళు చుట్టాలిళ్ళకి పోయారు. వాచ్‌మన్ భార్యకి ఎవరూ లేరు. పిల్లలతో నా ఆఫీసు గుమ్మంలో నిలబడితే నేను చూడలేక... క్వార్టర్సులో పైవాటా ఇప్పించాను. తాళాలు నేనే చేతిలో పెట్టాను. కొత్త ఇల్లమ్మా, చలి చొరబడదు, పొద్దున్నే వేడినీళ్ళు వస్తాయి, పిల్లలకి సుఖంగా ఉంటుంది అని చెప్పాను."

బాబాయ్ గోడ గడియారం వంక చూశాడు. ఏడు కావస్తోంది. బడికెళ్ళే పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఇప్పుడు నీళ్ళు కాగుతుంటాయి. ఆయన నిచ్చెన అందుకుని బయటికి పరిగెత్తాడు. మోకాళ్ళు మొరాయించిన మనిషి ఎలా పరిగెత్తాడో ఏమో. క్వార్టర్సు ఊరికి ఆ చివర. ఎంత ఉరికినా అరగంట.

వాచ్‌మన్ భార్య నంబరు ఆఫీసు కాగితాల్లో ఉండిపోయింది. ఇంజనీరమ్మ ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేసింది.

"ఎక్కడమ్మా మంటలు?"

"మంటలు కావు. పొగ గొట్టం పైన ప్లాస్టిక్ షీటు కప్పి ఉంది. లోపల మనుషులున్నారు, గీజరు వెలిగిస్తారు. వెంటనే బండి పంపించండి."

"మీరక్కడే ఉన్నారా?"

"లేను."

"మరి కప్పి ఉందని మీకెలా తెలుసమ్మా? పొద్దున్నే ఇలాంటి ఫోన్లు చాలా వస్తాయి మాకు. ముందు మీరెవరో చెప్పండి."

పిన్ని వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుంది. వద్దనో, చెప్పమనో ఆ పట్టులో తెలియలేదు.

"నేను మునిసిపల్ ఇంజనీర్ని," అంది ఆమె, ఒక్కో మాటా విడివిడిగా. "ఆ షీటు మేం కట్టించిందే. వెళ్ళి విప్పించాల్సింది నేను. వెళ్ళలేదు. చూడకుండానే బాగుందని సంతకం పెట్టాను. మొన్న ఇద్దరు చనిపోయిన ఇంటికి కూడా సంతకం పెట్టింది నేనే. వాచ్‌మన్‌కి ఏ పాపమూ తెలియదు. ఇదంతా రాసుకోండి. రాసుకుంటూనే బండి పంపండి. అడ్రసు..."

"ఒక్క నిమిషం మేడమ్, లైన్లో ఉండండి, రెండో ఫోన్ మోగుతోంది."

ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడైంది. ఆ తర్వాత అవతల అతని గొంతు కాస్త దూరంగా వినిపించింది. ఈసారి మెత్తగా, బుజ్జగిస్తున్నట్టు మాట్లాడుతున్నాడు.

"ఏడవకు తల్లీ, నిదానంగా చెప్పు... స్నానాలగదిలోనా?... పిలిస్తే పలకట్లేదా?... నువ్వెక్కడున్నావు?... మునిసిపాలిటీ కొత్త క్వార్టర్సా, పైవాటా... సరే, బండి వచ్చేస్తోంది. నువ్వు ముందు కిటికీలన్నీ తెరిచి, మెట్లు దిగి బయటికి వచ్చెయ్... ఎందుకు రావూ?... తమ్ముడు కూడా లేవట్లేదా?"